మొదటి అంగుళం టేపుది

పోయిన వారం బైండరమ్మని గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతికి మైదా జిగురు, ఇంకో చేతిలో తలుపు గొళ్ళెం. బయట తనిఖీ అధికారి, భుజాన నల్లసంచి. చెప్పిన తేదీకి రెండు రోజులు ముందే దిగింది. ఆ ఇద్దరూ వారమంతా అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు కాబట్టి, ముందు లోపలికి రానిద్దాం.

దారిలో ఎక్కినవాళ్ళకి నాలుగు ముక్కలు. ఈ ఇల్లాలు లైబ్రరీలో చిరిగిపోయిన పుస్తకాలను ఇంటికి తెచ్చుకుని బైండింగు చేసి ఇస్తుంది. అందుకని వీధి వీధంతా బైండరమ్మ అంటుంది. మొగుడు ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పైకీ కిందికీ ప్రయాణం చేసి, ఎక్కడికీ వెళ్ళకుండానే అలిసిపోయి ఇంటికొస్తాడు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. రెండేళ్ళ క్రితం పెద్దది ఎడమచేత్తో రాస్తోందని బడిలో ఆ చేతిని గుడ్డపీలికతో బెంచీకి కట్టేశారు. సాయంత్రం పిల్ల మణికట్టు మీద ఎర్రటి చార చూసింది బైండరమ్మ. మర్నాటినుంచి పిల్లని పంపలేదు. చిన్నదాన్ని అసలు చేర్చనే లేదు. ఇంట్లో చదువు చెప్పుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే ఏడాదికోసారి అధికారి వచ్చి పిల్లల్ని పరీక్షించి, బాగానే చెబుతున్నారని రాయాలి. అలా రాయకపోతే సోమవారం నుంచి పిల్లలిద్దరూ బడిలో ఉండాలి. రెండేళ్ళ కష్టం ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది.

ఇక అత్తగారు. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి హెడ్మాస్టరమ్మగా రిటైరైన మనిషి. తన ఇంట్లోనే బడికి వెళ్ళని పిల్లలుండటం ఆవిడకి తల కొట్టేసినట్టుగా ఉంది. ఆ సంగతి రోజుకి మూడుసార్లు, మందులేసుకున్నంత క్రమం తప్పకుండా చెబుతుంది.

"రండి మేడం, రండి," అని అధికారిని లోపలికి పిలిచింది కూడా ఆవిడే. "చూడండి మా విశ్వవిద్యాలయం."

ముందుగదే బడి, ముందుగదే బైండింగు షాపు, భోజనాల వేళకి అదే భోజనాల గది. బల్లకి ఒక చివర ప్రెస్సు కింద ఆరుతున్న పుస్తకాలు, రెండో చివర రేడియో. పదింటికి పిల్లల పాఠం వస్తుంది, అది పిల్లలకన్నా బైండరమ్మే శ్రద్ధగా వింటుంది. గోడలకి మందులషాపువాళ్ళిచ్చిన పాత క్యాలెండర్లు తిరగేసి కొట్టి ఉన్నాయి. తెల్లటి వెనకవైపు ఎక్కాలు, అక్షరాలు, చిన్నది గీసిన ఒక ఆవు. ఆవుకి ఐదు కాళ్ళున్నాయి. లైబ్రరీలో రోజుకి పది పేజీలు ఊరికే ప్రింటు తీసిస్తారు. వీధిలో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లులు ఇంకో నలుగురున్నారు, వంతులేసుకుని ఆ పది పేజీలు తెచ్చుకుంటారు. రూపాయి ఖర్చు లేని చదువు. ఖర్చు లేదంటే కష్టం లేదని కాదు. ఆ తేడా ఆ ఇంట్లో బైండరమ్మ ఒక్కర్తికే తెలుసు.

అధికారి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీసి, టీ వద్దంది. నవ్వలేదు. కసురుకోనూ లేదు. రోజుకి మూడిళ్ళు చూడాల్సిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

చదవడంతో మొదలుపెట్టింది. పెద్దది గడగడా చదివేసింది. చిన్నది ఒక పాత కథల పుస్తకం అందుకుని సగం పేజీ చదివి, ఊపిరి పీల్చుకుని, మిగతా కథ నోటితో చెప్పుకుపోయింది. ఆ కథలో నక్క చివరికి లిఫ్టు ఎక్కింది.

"పుస్తకంలో నక్క లిఫ్టు ఎక్కిందా?" అంది అధికారి.

"తర్వాతి పేజీ లేదండీ. చెదలు తినేసింది," అంది చిన్నది. "లేని పేజీ మనమే చెప్పుకోవాలి."

అధికారి ఏదో రాసుకుంది. అది మంచో చెడో బైండరమ్మకి అంతుపట్టలేదు. తలకిందులుగా ఉన్న రాతని చదవాలని ప్రయత్నించి, సిగ్గుపడి మానేసింది.

లెక్కలు కూడా గడిచాయి. కూడికలు, తీసివేతలు, పన్నెండో ఎక్కం. గుండెలో బరువు కొంచెం కొంచెంగా దిగుతోంది అనుకుంటుండగా అధికారి సంచిలోంచి కొత్త టేపు తీసింది. అప్పుడే కవరు విప్పింది. పసుప్పచ్చగా, నూనె వాసనేస్తూ, మొదట్లో ఇత్తడి ముక్కతో నిగనిగలాడుతోంది.

"ఈ పరీక్ష అట్ట పొడవెంతో కొలిచి చెప్పమ్మా," అంది పెద్దదానితో.

పెద్దది టేపు పరిచి, వంగి చూసి, "పన్నెండు అంగుళాలు," అంది.

"ఈ బల్ల వెడల్పు?"

"ఇరవై తొమ్మిది."

"కిటికీ?"

"ముప్ఫై ఐదు."

అధికారి లేచి మూడూ తనే కొలిచింది. పదమూడు, ముప్ఫై, ముప్ఫై ఆరు. మళ్ళీ కూర్చుని, కాగితం మీద మూడు చిన్న అడ్డగీతలు పెట్టింది. "కొలవడం రాదు," అని పైకి అనుకుంటూ రాయబోయింది.

బైండరమ్మకి మూడో అంకె దగ్గరే అర్థమైపోయింది.

"ఆగండి మేడం! తప్పు పిల్లది కాదు. టేపుది."

గబగబా అలమారలోంచి ఇంట్లో వాడే టేపు తెచ్చి బల్లమీద పెట్టింది. కింది వాటాలో ఉండే టైలరు, పిల్లలకి తాతయ్య వరస, రెండేళ్ళ క్రితం ఇచ్చిన పాత టేపది. కొస చివికిపోయి మొదటి అంగుళం ఊడి వచ్చేస్తే, దాన్ని కత్తెరతో నీటుగా కత్తిరించి ఇచ్చాడు. కాబట్టి అది సున్నాతో కాదు, ఒకటితో మొదలవుతుంది. ఆ టేపుతో ఏం కొలిచినా వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. బైండింగు అట్టలకి బైండరమ్మకి అంకెలతో పని లేదు, పుస్తకాన్నే అట్ట మీద పెట్టి పెన్సిలుతో గీసేస్తుంది. పిల్లలకి మాత్రం కొలతలన్నీ ఆ టేపుతోనే నేర్పింది. "కొలువు, ఒకటి తీసెయ్" అన్నది ఆ ఇంట్లో చెప్పులు బయట విడవడంలాంటి అలవాటైపోయింది. ఎందుకు తీసెయ్యాలని చిన్నది అడిగితే, ఆ టైలరు ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుని, "మొదటి అంగుళం టేపుదమ్మా. కొలిచినందుకు కూలి. మిగతాదే మనది," అన్నాడట. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అధికారి పాత టేపుని, కొత్త టేపుని పక్కపక్కనే పెట్టి చూసింది. ఎంత కాదన్నా న్యాయం తెలిసిన మనిషి. "సరే. పొరపాటెక్కడో తెలిసింది," అంది. "కానీ నేర్పింది మీరే కదమ్మా. ఇవాళ టేపు. ఇంకా ఇలాంటివి ఎన్ని నేర్పి ఉంటారో మీకైనా తెలుసా?"

ఆ ప్రశ్న బైండరమ్మకి తగలవలసిన చోటే తగిలింది. రాత్రి నిద్ర పట్టనప్పుడు తనని తాను అడిగే ప్రశ్నే అది. పదో తరగతి గట్టెక్కడమే గొప్పైన తను, ఎవరో ఇచ్చిన టేపు, ఎవరో పారేసిన పుస్తకం, చెదలు మిగిల్చిన పేజీలు పెట్టుకుని పిల్లల జీవితాలు కుడుతోంది. కుట్టు ఎక్కడ వంకర పోయిందో చూసి చెప్పేవాళ్ళు లేరు. అత్తగారు చెప్పగలదు. కానీ ఆవిడ అసలు పుస్తకమే తప్పంటుంది.

ఆ అత్తగారు గోడవార కుర్చీలో కూర్చుని ఒక్క ముక్కా మాట్లాడలేదు. ఇంకో రోజైతే ఈపాటికి "నేను ముందే చెప్పానా" అని మూడు రకాలుగా అనేసి ఉండేది.

"ఇంకో అవకాశం ఇస్తాను," అంది అధికారి. పెద్దదాన్ని దగ్గరికి పిలిచి కొత్త టేపు కొస చూపించింది. "ఇదిగో, దీనికి మొదటి అంగుళం ఉంది. ఏం తీసెయ్యక్కర్లేదు. అర్థమైందా? ఇప్పుడు మీ చెల్లి ఎత్తెంతో చెప్పు."

చిన్నది పరుగున వచ్చి గోడకి ఆనుకుని, మడమలు ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడింది. పెద్దది నేలనుంచి నెత్తిదాకా టేపు పట్టి, వేలుంచి, చూసింది. కాసేపు చూసింది.

"నలభై మూడు."

అధికారి కూడా వంగి చూసింది. "సరిగ్గా చూడు."

"నలభై మూడేనండీ. మొదటి అంగుళం టేపుది కదా."

బైండరమ్మ కళ్ళు మూసుకుంది. కోపం రాలేదు. ఏడుపొచ్చింది, దాన్ని మింగేసింది. అయిపోయింది. సోమవారం. మళ్ళీ ఆ బెంచీలు, ఆ గుడ్డపీలికలు.

కానీ ఈ ప్రపంచంలో ఆరేళ్ళ పిల్లని ఏమన్నా అనొచ్చు గాని, పొట్టి అని మాత్రం అనకూడదు. పైగా చిన్నదాని నోట్లో నువ్వుగింజ నానదు.

"అబద్ధం!" అని అరిచింది గోడ దగ్గరనుంచి కదలకుండానే. "నేను నలభై నాలుగు! మొన్న టైలర్ తాతయ్య కొత్త టేపుతో నాకు గౌను కొలిచినప్పుడు నువ్వే చెప్పావు నలభై నాలుగని. ఒకటి తీసెయ్యవేంటే అని నేనడిగితే, కొత్తదానికి తీయక్కర్లేదే మొద్దూ, అని మొట్టికాయ కూడా వేశావు. ఇప్పుడేమో నన్ను పొట్టిదాన్ని చేస్తావా?"

కింద వాటాలో కుట్టుమిషను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పెద్దదాని చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. టేపుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

అధికారి కలం మూత పెట్టింది.

"అంటే నీకు తెలుసన్నమాట," అంది మెల్లగా. "తెలిసే తప్పు చెప్పావు. నాలుగుసార్లు."

పెద్దది తల దించుకుంది.

బైండరమ్మకి ముందు ఒళ్ళు తేలికపడింది. పిల్లకి వచ్చు. తను నేర్పింది వంకర పోలేదు. పిల్లే దాన్ని సరిచేసుకుంది. ఇంకేం కావాలి? అధికారి ఆ మాటే రాస్తే చాలు, ఇంకో ఏడాది ఎవరూ తలుపు తట్టరు. ఆ సంతోషం నిండా రెండు నిమిషాలు కూడా నిలవలేదు. వచ్చి కూడా రాదని ఎందుకు చెప్పింది? ఈ పరీక్ష తప్పితే ఏమవుతుందో ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. తల్లి నెలరోజులుగా అదే మాట మీద బతుకుతోంది. అన్నీ తెలిసిన పిల్ల, ఒక్కో అంగుళం చొప్పున, కావాలనే తప్పింది.

అప్పుడు వినపడింది అత్తగారి గొంతు.

"చిన్నపిల్ల కదా మేడం, కొత్తమనిషిని చూసి బెదిరిపోయింది. పిల్లకి వచ్చు. మీరూ చూశారు కదా. చదువు బ్రహ్మాండంగా చెబుతోంది మా కోడలు. బాగుందని రాసేయండి, అయిపోతుంది."

బైండరమ్మ గిరుక్కున తిరిగి చూసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో, కాదు, అంతకు ఇంకో ఏడాది ఎక్కువే, అత్తగారు తనని బ్రహ్మాండం అనడం ఇదే మొదటిసారి. అదీ పరాయిమనిషి ముందు. సంతోషపడాల్సిన మాటే. కానీ ఆవిడ ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళు నలుపుకుంటోంది, చూపు మనవరాలి మీదనుంచి తిప్పుకోవడం లేదు. ఒకప్పుడు ఏడువందల మంది పిల్లల్ని కనుబొమ్మతో కూర్చోబెట్టిన మనిషి, ఇప్పుడు ఒక్క పిల్లని నోరెత్తొద్దని బతిమాలుతున్నట్టుగా ఉంది.

"మీరేంటి అత్తయ్యా, ఇవాళ నా పక్షాన మాట్లాడుతున్నారు?" అంది బైండరమ్మ.

"మంచి మాటన్నా తప్పేనా? ఏం, నేనేదో చేసినట్టు అడుగుతావేంటి?"

ఆవిడ ఏదో చేసిందని ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. అధికారి కూడా ఆవిడ వైపోసారి చూసి, మళ్ళీ కాగితం చూసుకుంది.

"నేను రెండిట్లో ఒకటి రాయాలి," అంది. "పిల్లకి వచ్చని రాస్తే ఇంట్లోనే ఉంటుంది. పిల్ల నాకు చెప్పిన జవాబులే రాస్తే బడికి వెళ్తుంది. న్యాయంగా అయితే వచ్చనే రాయాలి. తల్లి మీరు, ఒక్క మాట చెప్పండి. రాసేస్తాను."

ఒక్క మాట. బైండరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అడిగి మరీ ఇస్తున్న గెలుపు. పిల్ల సంగతి తర్వాత నిదానంగా తెలుసుకోవచ్చు, కోప్పడవచ్చు, బుజ్జగించవచ్చు. ముందు కాగితం చేతికి వస్తే చాలు.

ఏ తల్లైనా ఆ మాటే అనేది. ఆమె కూడా అనడానికే నోరు తెరిచింది. కానీ టేపు బిగించి చుట్టుకోవడంతో పిల్ల వేలికొస తెల్లబడటం కనిపించింది. ముందుకెళ్ళి, కింద కూర్చుని, ఆ చుట్లు ఒక్కొక్కటే విప్పింది. ఆ పని చేస్తుండగానే ఆమెకి తట్టింది, రెండేళ్ళలో ఈ పిల్లని ఎన్నో ప్రశ్నలడిగింది గాని ఒకటి అడగలేదని.

"అమ్మలూ," అంది. "నీకు బడికి వెళ్ళాలనుందా?"

"ఇప్పుడా ప్రశ్నలెందుకే!" అంది అత్తగారు కుర్చీలోంచి లేచి. "పిల్లని లోపలికి పంపించు. ఏమే, నువ్వు పద లోపలికి."

"ఉండండత్తయ్యా."

గట్టిగా అనలేదు. అయినా హెడ్మాస్టరమ్మ నిలబడినచోటే ఆగిపోయింది.

పెద్దది తల్లి మొహం చూసింది, నానమ్మ మొహం చూసింది. ఎవరికిచ్చిన మాట నిలబెట్టుకోవాలో తేల్చుకుంటున్నట్టుంది. తొమ్మిదేళ్ళకి అది చాలా పెద్ద లెక్క.

"నేను వెళ్తూనే ఉన్నానమ్మా," అంది చివరికి.

"ఎక్కడికి?"

"బడికి. నానమ్మ పనిచేసిన బడికి. బుధవారం, శుక్రవారం లైబ్రరీకని నన్ను తీసుకెళ్తుందే, అప్పుడు. నాలుగు నెలలైంది. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటాను. ఎడమచేత్తో రాసినా ఎవరూ ఏమీ అనరు. నువ్వు బాధపడతావని నానమ్మ చెప్పొద్దంది."

అత్తగారు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. చిన్నది నోరు తెరిచేసి అక్కని చూస్తోంది. ఆ పిల్లకి తెలియకుండా ఆ ఇంట్లో దాగిన రహస్యం బహుశా ఇదొక్కటే. బైండరమ్మకి వెంటనే కోపం రాలేదు. నాలుగు నెలల బుధవారాలు, శుక్రవారాలు కళ్ళముందు తిరిగాయి. ఆ సాయంత్రాలు పిల్ల ఎంత ఉత్సాహంగా ఇంటికొచ్చేదో, లైబ్రరీ అంటే దానికెంత ఇష్టమో అని తను ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. మురిసిపోయినందుకు సిగ్గేసింది.

"వెళ్తూనే ఉన్నావు కదా," అంది. "రహస్యంగానో ఏదోలాగో వెళ్తున్నావు. మరి ఇవాళ ఈ తప్పులన్నీ ఎందుకు చెప్పావమ్మా?"

పెద్దది ఈసారి ఎవరి మొహమూ చూడలేదు. అధికారి ముందున్న కాగితం వైపు, అందులో పేరు రాయడానికి వదిలిన ఖాళీ వైపు చూసింది.

"పొద్దున్నే టీచరు హాజరు పిలుస్తుందమ్మా," అంది. "అందరి పేర్లూ పిలుస్తుంది. నా పక్కదాని పేరు పిలిచి, నా వెనకదాని పేరు పిలుస్తుంది. నాది పిలవదు. నేనా పుస్తకంలో లేనుగా."